వెళ్ళండి, వెళ్ళకండి: ధ్వని సమీకరణి చరిత్ర

నెల్లూరు సీమలో ఆశ్వయుజ కార్తికాలు తుఫానుల కాలం. 1927 నవంబరులో ఒకసారి, 1984 నవంబరులో మరొకసారి ఈ తీరం తీవ్రమైన తుఫానులకు గురి అయినది. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వంటి ఊళ్ళలో సముద్రంమీద బ్రతికే కుటుంబాలకు హెచ్చరిక సకాలంలో అందడమనేది ప్రాణాలతో కూడిన విషయం. వెనుకటి రోజులలో ఈ పని దండోరా వేసే మనిషిది. అతడు ముందుగా తప్పెట కొట్టి నలుగురి దృష్టిని తనవైపు మళ్ళించుకొని, తరువాత ఒక్కొక్క మాటనూ సాగదీసి, విడదీసి పలికేవాడు. తరువాత ఆ పని బండిమీద బిగించిన బాకాకు వచ్చినది. ఇప్పుడు చేతిఫోనులకు సందేశాలు వస్తున్నా, వీధిలో మైకు ప్రకటన పోలేదు.

ఇటువంటి ప్రకటనలో "ఎవరూ వేటకు వెళ్ళకండి" అన్నారనుకుందాము. "వెళ్ళండి" అనే మాటకూ "వెళ్ళకండి" అనే మాటకూ నడుమ ఉన్న భేదం ఒకే ఒక అక్షరం, 'క'. అర్థం మాత్రం పూర్తిగా తారుమారు. 'వె', 'ళ్ళ', 'డి' అనేవాటిలోని అచ్చులు గట్టిగా, దీర్ఘంగా మ్రోగుతవి. 'క' అట్లా కాదు. దానిని పలికేటప్పుడు నాలుక వెనుక భాగం అంగిలిని తాకి గాలిని క్షణకాలం ఆపివేస్తుంది. ఆ తరువాత చిన్న పేలుడువలె వదలిపెడుతుంది. ఆ పేలుడు నిలిచేది సెకనులో నూరవ వంతులు కొన్ని మాత్రమే. గాలి హోరులో, అలల మోతలో మొదట మునిగిపోయేది ఇదే.

ఇంత చిన్న ధ్వనిని కాపాడి, గమ్యానికి చేర్చడానికి మనుష్యులు చేసిన ప్రయత్నాల ఫలితాలలో ఒకటి ఈక్వలైజరు. ఆ మాటకు సమం చేసేది అని అర్థం. తెలుగులో సమీకరణి అనవచ్చును. నేడు పాటలు వినే యంత్రాలలోనూ, చేతిఫోనులలోనూ వరుసగా నిలబడి ఉండే చిన్న మీటల రూపంలో ఇది అందరికీ కనిపిస్తున్నది. పాటకు సొగసు కూర్చే అలంకారంగా దీనిని చాలామంది ఎరుగుదురు. కాని ఇది అలంకారంగా పుట్టలేదు. దూరంనుంచి వచ్చే మాట అర్థం కాక మనుష్యులు ఇబ్బంది పడుతున్నప్పుడు పుట్టినది.

ధ్వనిలోని పాళ్ళు

సమీకరణి చేసే పని తెలియాలంటే ముందుగా ధ్వని ఒంటరి వస్తువు కాదని గ్రహించాలి. వీణ తీగను మీటినప్పుడు ఒకే స్వరం వినబడినట్లు తోస్తుంది. నిజానికి ఆ తీగ సెకనుకు 240 సార్లు కంపిస్తూ ఉంటే, దానితోపాటే 480, 720, 960 సార్లు కంపించే ధ్వనులు కూడా పుడుతూ ఉంటవి. సెకనుకు ఎన్ని కంపనాలో తెలిపే సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దాని ప్రమాణం హెర్ట్జ్. పై ధ్వనుల పాళ్ళు మారడంవల్లనే వీణ వీణగా, వేణువు వేణువుగా, అమ్మ గొంతు అమ్మ గొంతుగా మనకు తెలుస్తున్నవి.

జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ ఈ సంగతిని శాస్త్రీయంగా నిరూపించి, 1863లో ఒక మహాగ్రంథం ప్రకటించాడు. లోపల బోలుగా ఉండి రెండువైపులా రంధ్రాలున్న గోళాలను ఆయన వేరువేరు పరిమాణాలలో చేయించాడు. ఒక్కొక్క గోళం తన పరిమాణానికి తగిన ఒక్క ధ్వనికి మాత్రమే అనునాదం చేస్తుంది. గోళాన్ని చెవికి ఆనించుకొని వింటే కలగాపులగంగా ఉన్న ధ్వనిలోనుంచి ఆ ఒక్క పాలు మాత్రమే ప్రస్ఫుటంగా వినబడుతుంది. అచ్చుల మధ్య భేదం కూడా ఈ పాళ్ళ భేదమేనని ఆయన ఈ విధంగా తెలుసుకున్నాడు.

పాళ్ళను మార్చే విద్య మన దేశంలో శాస్త్రానికి ముందే కళలో ఉన్నది. మృదంగం కుడివైపు మూతమీద నల్లని ముద్దను పొరలు పొరలుగా పట్టిస్తారు. మామూలు చర్మవాద్యంలో పై ధ్వనులు పొంతన లేకుండా ఉంటవి. ఈ ముద్ద బరువువల్ల అవి తీగవాద్యంలోవలె క్రమమైన నిష్పత్తిలోనికి వస్తవి. సర్ సి. వి. రామన్, శివకాళీకుమార్‌తో కలిసి 1920లో ఈ విశేషాన్ని ప్రపంచానికి వెల్లడించాడు. పేరు తెలియని ఆ పూర్వపు వాద్యకారుడు చేసినది కూడా ఒక విధమైన ధ్వని దిద్దుబాటే.

తీగెమీద వచ్చిన చిక్కు

1876లో గ్రహాంబెల్ టెలిఫోను కనిపెట్టాడు. ఆరేళ్ళు తిరగకముందే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను కేంద్రాలు వెలిసినవి. ఊరిలో ఊరిలో మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు. తీగె పొడవు పెరిగినకొద్దీ చిక్కు వచ్చినది. అవతలి గొంతు చిన్నదిగా వినబడటమే కాదు, దుప్పటి కప్పుకొని మాట్లాడుతున్నట్లు ముద్దగా వినబడేది. గట్టిగా అరచినా ప్రయోజనం ఉండేది కాదు.

దీనికి కారణం తీగె స్వభావంలోనే ఉన్నది. పక్కపక్కన పోయే రెండు తీగెలు పొడవునా విద్యుత్తును కొంత కొంత నిలువచేసుకునే కండెన్సరువలె ప్రవర్తిస్తవి. పౌనఃపున్యం ఎక్కువైనకొద్దీ సంకేతం ఈ దారిన ఎక్కువగా జారిపోతుంది. అంటే మంద్రధ్వనులు కొంత నష్టంతో గమ్యం చేరితే, తారధ్వనులు దారిలోనే ఇంకిపోతవి. అచ్చులు మిగులుతవి, స, శ, త, క వంటి హల్లులు పోతవి.

ఈ చిక్కుకు మొదట మందు చెప్పినవాడు ఆలివర్ హెవిసైడ్ అనే ఆంగ్లేయుడు. ఆయన కళాశాలలో చదివినవాడు కాదు. కొంతకాలం తంతి ఉద్యోగం చేసి, గణితం స్వయంగా నేర్చుకున్నవాడు. తీగెలో నాలుగు గుణాలు, అంటే నిరోధం, ప్రేరకత్వం, ధారణశక్తి, విద్యుత్తు కారిపోయే గుణం, ఒక ప్రత్యేక నిష్పత్తిలో ఉంటే అన్ని పౌనఃపున్యాలూ సమానంగా క్షీణిస్తవని 1887లో ఆయన నిరూపించాడు. అందుకు తీగెలో ప్రేరకత్వం పెంచాలన్నాడు. బ్రిటిష్ తపాలా శాఖలో తంతి వ్యవహారాలకు పెద్ద అయిన ప్రీస్ అనే ఇంజనీరు ప్రేరకత్వం మాటకు హాని చేస్తుందని నమ్మినవాడు. అందుచేత హెవిసైడ్ మాట చెల్లలేదు. సుమారు పన్నెండేళ్ళ తరువాత అమెరికాలో జార్జి కాంప్‌బెల్, మైకేల్ పూపిన్ అనే ఇద్దరు, దారిపొడుగునా నిర్ణీతమైన దూరాలలో తీగచుట్టలు అమర్చి ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టారు. పేటెంటు హక్కు పూపిన్‌కు దక్కినది, ధనమూ వచ్చినది. దారి చూపిన హెవిసైడ్‌కు దక్కినది ఏమీ లేదు.

కాంప్‌బెల్ అక్కడితో ఆగలేదు. తీగచుట్టలను, కండెన్సర్లను ఒక క్రమంలో కూర్చి, కొన్ని పౌనఃపున్యాలను పోనిచ్చి కొన్నిటిని ఆపివేసే వడపోత వలయాన్ని నిర్మించాడు. ఆయన సంస్థలోనే పనిచేసిన ఆటో జోబెల్, తీగె చేసిన వికృతిని తుడిచివేసే దిద్దుబాటు వలయాల సిద్ధాంతాన్ని 1928లో ప్రకటించాడు. ఈ వలయాలకే ఈక్వలైజర్లని పేరు.

ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. ఆ వలయాలు బలహీనమైన తారధ్వనులను బలపరచలేవు. అవి బలంగా ఉన్న మంద్రధ్వనులనే తగ్గించి, రెండిటినీ ఒక మట్టానికి తెచ్చేవి. తరువాత వాల్వు వర్ధకం అన్నిటినీ కలిపి పెంచేది. పొడుగువారిని కూర్చోబెట్టి పొట్టివారితో సమం చేసి, ఆపైన అందరినీ ఒక అరుగుమీదికి ఎక్కించినట్లు అన్నమాట. సమీకరణి అనే పేరులోని అర్థం ఇదే.

'క' ఎక్కడ ఉన్నది?

దిద్దుబాటు చేయగల శక్తి వచ్చినది. ఇక ఏ పాలు ముఖ్యమో తెలియాలి. టెలిఫోను సంస్థకు ఇది డబ్బుతో కూడిన ప్రశ్న. అన్ని పౌనఃపున్యాలూ పంపాలంటే ఖర్చు ఎక్కువ. ఏది వదలితే మాట చెడదో తెలిస్తే ఆ ఖర్చు తగ్గుతుంది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హార్వీ ఫ్లెచర్, ఆయన సహచరులు ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. అర్థంలేని అక్షరాల గుంపులను ఒకరు చదవడం, తీగెకు రెండవ చివర మరికొందరు విని వ్రాయడం వారి పద్ధతి. అర్థమున్న మాటలైతే వినేవారు ఊహించి పూర్తిచేసుకుంటారు గనుక అర్థంలేని అక్షరాలనే ఎన్నుకున్నారు. ఫలితం ఆశ్చర్యకరమైనది. మాటలోని శక్తిలో ఎక్కువ భాగం 1000 హెర్ట్జ్‌లకు లోపలనే ఉన్నది. అయినా ఆ భాగాన్ని మాత్రమే పంపితే సరిగా అందిన అక్షరాలు నూటికి సుమారు 40. ఆ భాగాన్ని పూర్తిగా తీసివేసి, శక్తి తక్కువగా ఉన్న పై భాగాన్ని మాత్రమే పంపితే నూటికి 80కి పైగా అందినవి.

అంటే మాటకు బలం క్రింద ఉన్నది, అర్థం పైన ఉన్నది. 'వెళ్ళకండి'లోని 'క' నివాసం సుమారు 1500, 4000 హెర్ట్జ్‌ల నడుమ. 'స' ఇంకా పైన, 4000 దాటి ఉంటుంది. టెలిఫోనుకు 300నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకు గల పట్టీ చాలునని తరువాతి కాలంలో నిర్ణయించడానికి ఇటువంటి ప్రయోగాలే ఆధారం. పురుషుని గొంతులోని మూల కంపనం 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. ఆ పట్టీలో అది లేనేలేదు. అయినా ఫోనులో తండ్రి గొంతును బిడ్డ గుర్తుపడుతున్నది. లేని మూలధ్వనిని దానిపై ధ్వనుల ఆధారంతో మన శ్రవణేంద్రియమే పూరించుకుంటుంది.

తీగె చేసిన అపచారమే గాలి కూడా చేస్తుంది. నెల్లూరు తీరంలోవలె 30 డిగ్రీల వేడి, నూటికి 70 వంతుల తేమ ఉన్న గాలిలో ఒక కిలోమీటరు ప్రయాణం చేస్తే, గాలి పీల్చుకోవడంవల్లనే 500 హెర్ట్జ్‌ల ధ్వని 3 డెసిబెల్‌లు నష్టపోతుంది. 1000 హెర్ట్జ్‌ల ధ్వనికి నష్టం 7, 4000 హెర్ట్జ్‌ల ధ్వనికి 23, 8000 హెర్ట్జ్‌ల ధ్వనికి 59 డెసిబెల్‌లు. 10 డెసిబెల్‌లు తగ్గితే శక్తి పదవ వంతు అవుతుందని గుర్తుంచుకుంటే ఈ నష్టం ఎంతటిదో బోధపడుతుంది. ఒడ్డున నిలబడితే అల విరిగేటప్పుడు బుసబుసమనే ధ్వని, హోరు రెండూ వినబడతవి. ఊరిలోనికి వస్తే హోరు మాత్రమే మిగిలి ఉండటానికి ఇది ఒక కారణం. దూరపు బాకానుంచి వచ్చే మాట ముద్దగా ఉండటానికీ ఇదే కారణం.

రేడియో, సినిమా

మద్రాసులో రేడియో క్లబ్బు 1924లో ప్రసారాలు మొదలుపెట్టినది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైనది. నెల్లూరువారు తెలుగు కార్యక్రమాలకు మొదట ఈ కేంద్రంమీదనే ఆధారపడ్డారు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చినది. రేడియోలో గాయకుడు పాడే గది ఒకచోట, ప్రసార స్తంభం మరొకచోట ఉంటవి. రెండిటినీ కలిపేది మళ్ళీ తీగెయే. టెలిఫోను మాటకు చాలినది సంగీతానికి చాలదు గనుక, ఆ తీగెల రెండవ చివర సమీకరణులను అమర్చడం ప్రసార శాఖలలో నిత్యకృత్యమైనది.

ఇంతలో సినిమా మాట్లాడనారంభించినది. 1932లో తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల అయినది. నెల్లూరువాడైన పి. పుల్లయ్య 1935లో 'హరిశ్చంద్ర' తీశాడు. అప్పటి ఫిల్ముమీది ధ్వనిరేఖలో బుసబుసమనే రొద అధికంగా ఉండేది. ప్రదర్శనశాల ప్రదర్శనశాలకూ ధ్వని మారిపోయేది. ఈ గందరగోళం పోగొట్టడానికి అమెరికాలోని చలనచిత్ర అకాడమీ 1938లో ఒక ప్రామాణిక రేఖను నిర్ణయించి, తారధ్వనులను ఏ మేరకు తగ్గించాలో తెలియజేసినది. ప్రదర్శనశాలల ధ్వనిని సరిదిద్దడానికి 1930ల దశకంలోనే ఆర్.సి.ఎ. సంస్థకు చెందిన జాన్ వోక్‌మన్ మార్చుకోవడానికి వీలైన సమీకరణిని వాడినట్లు ప్రసిద్ధి.

సినిమాలో సంభాషణకు మరొక ఇబ్బంది ఉన్నది. మన చెవి అన్ని పౌనఃపున్యాలను ఒకే విధంగా గ్రహించదు. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు మంద్రధ్వనులు అంతగా తెలియవు, బిగ్గరగా ఉన్నప్పుడు స్ఫుటంగా తెలుస్తవి. ఫ్లెచర్, మన్సన్ అనేవారు 1933లో ఈ విషయాన్ని కొలిచి చూపారు. తెరమీది మనిషి సహజంగా మాట్లాడిన దానికంటె బిగ్గరగా హాలులో వినిపిస్తారు గనుక, ఏమీ మార్చకపోయినా గొంతు గుమ్మటంలో మాట్లాడినట్లు ఉంటుంది. అందుచేత మంద్రాన్ని కొంత కోసివేయడం ఆ వృత్తిలో నియమమైనది. ఉన్నదున్నట్లు వినిపించడానికే మార్పు చేయవలసి రావడం ఇందులోని విశేషం.

తెలుగు సినిమా పాట చాలాకాలం మద్రాసు రికార్డింగు గదులలోనే రూపు దిద్దుకున్నది. నెల్లూరులో హరికథకులుగా పేరు పొందిన సాంబమూర్తిగారి కుమారుడు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం, 1967లో విడుదలైన 'శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న' చిత్రంతో, ఎస్. పి. కోదండపాణి సంగీతంలో గాయకుడైనాడు. తరువాత మద్రాసులో తాము నెలకొల్పిన రికార్డింగు శాలకు ఆయన తమ గురుతుల్యుని పేరే పెట్టుకున్నారు. తండ్రి తరంలో హరికథకుడు వెనుకవరుస శ్రోతను చేరుకోవడానికి గొంతునే సాధనం చేసుకోవలసి వచ్చేది. కుమారుని తరంలో ఆ భారంలో కొంత యంత్రం పంచుకొన్నది.

మీటల వరుస

తొలి సమీకరణులు ఇంజనీరు ఒకసారి బిగించి వదిలేసేవి. వినేవాడు తన ఇష్టం వచ్చినట్లు తిప్పుకోవడానికి మరలు వచ్చినది తరువాత. 1952 అక్టోబరులో ఇంగ్లండుకు చెందిన పీటర్ బాక్సాండల్ 'వైర్లెస్ వరల్డ్' పత్రికలో ఒక సులభమైన వలయాన్ని ప్రకటించాడు. మంద్రానికి ఒక మర, తారానికి ఒక మర. లోకంలోని రేడియోలలో, గ్రామఫోను వర్ధకాలలో కోట్లకొలది దానినే అనుసరించినవి.

రెండు మరలు ఇంటికి చాలును గాని సినిమా పనికి చాలవు. అందుకని 1950ల దశకంలో అమెరికాలో ధ్వనిని కొన్ని పట్టీలుగా విభజించి, పట్టీకొక జారుడు మీట చొప్పున అమర్చారు. సినిమా ఇంజనీరింగ్ అనే సంస్థ తయారుచేసిన సాధనంలో ఆరు మీటలు ఉండేవి. మీట పైకి జరిపితే ఆ పట్టీ పెరుగుతుంది, క్రిందికి జరిపితే తగ్గుతుంది. మీటల తలలన్నిటినీ కలుపుతూ మనస్సులో ఒక గీత గీసుకుంటే, ధ్వనిలో చేసిన మార్పు గ్రాఫువలె కంటికి కనిపిస్తుంది. దీనికి గ్రాఫిక్ ఈక్వలైజరు అనే పేరు అందువల్లనే వచ్చినది.

పట్టీల విభజనకు ఆధారం మన సంగీతంలోని స్థాయియే. మధ్యషడ్జం 240 అయితే తారషడ్జం 480; స్థాయి పెరిగినకొద్దీ పౌనఃపున్యం రెట్టింపు. పది మీటలున్న సాధనంలో వరుసగా 31.5, 63, 125, 250, 500, 1000, 2000, 4000, 8000, 16000 హెర్ట్జ్‌లు ఉంటవి. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు అని గమనించాలి. ప్రతి స్థాయినీ మూడు భాగాలు చేస్తే 31 మీటలు వస్తవి. పెద్ద సభలలో వాడేది ఇదే. మన లోపలిచెవిలోని పొర కూడా ఒక్కొక్క చోట ఒక్కొక్క పౌనఃపున్యానికి ఎక్కువగా కదులుతుంది. ఇది కనుగొన్నందుకు జార్జి ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమానం వచ్చినది. మీటల వరుస ఒక విధంగా చెవికి నకలు.

మాట అర్థం కావడమనే మొదటి సమస్య మళ్ళీ ఈ సాధనానికి కొత్త పని కల్పించినది. టెక్సాసులోని డాలస్ నగరంలో లవ్‌ఫీల్డు విమానాశ్రయంలో ప్రయాణికులకు ప్రకటనలు స్పష్టంగా వినిపించడానికి వేన్ రడ్‌మోజ్ ఆ కట్టడం స్వభావానికి తగినట్లు ధ్వనిని సమం చేసి, 1958లో ఆ అనుభవాన్ని ప్రకటించాడు. అదే రాష్ట్రంలో సి. పి. బోనర్ మరొక చిక్కును సాధించాడు. బాకానుంచి వచ్చిన ధ్వని తిరిగి మైకులో దూరి, మళ్ళీ పెరిగి, చివరకు కూత పెట్టడం ప్రతి పాఠశాల వార్షికోత్సవంలోనూ మనకు అనుభవమే. ఆ గదికి ఏ పౌనఃపున్యంమీద మక్కువ ఉన్నదో అక్కడే కూత పుడుతుంది. ఆ సన్నని పట్టీని మాత్రం కోసివేస్తే, తక్కిన ధ్వనిని ఇంకా పెంచుకోవచ్చునని బోనర్ 1960ల దశకంలో చూపాడు. 1967లో ఆల్టెక్ సంస్థ ఈ పద్ధతిని సాధనరూపంలో మార్కెట్టుకు తెచ్చినది. 1972లో జార్జి మాసెన్‌బర్గ్, పట్టీ ఎక్కడ ఉండాలో, ఎంత వెడల్పు ఉండాలో కూడా మార్చుకోగల మరొక రకాన్ని వివరించాడు. నేడు ఇవన్నీ తీగచుట్టలు, కండెన్సర్లు లేకుండా అంకెల లెక్కలతోనే సాగిపోతున్నవి.

శ్రీహరికోట చప్పుడు

ఇదే తీరంలో ధ్వని సమీకరణం మరొక విధంగా ప్రాణాధారమైన చోటు ఒకటి ఉన్నది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ గల శ్రీహరికోట చిరకాలం నెల్లూరు జిల్లాలో భాగం. 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరినది. 1971 అక్టోబరు 9న ఇక్కడినుంచి తొలి రోహిణి పరిశోధక రాకెట్టు లేచినది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినది.

రాకెట్టు లేచేటప్పుడు మంటతోపాటు భయంకరమైన ధ్వని పుడుతుంది. ఆ ధ్వని ఒక యంత్రభాగాన్ని విరిచివేయగలదు. ఉపగ్రహంలోని సౌరఫలకాలు, ఏంటెనాలు వెడల్పుగా, తేలికగా ఉంటవి. ఒక్కొక్కదానికీ తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. వచ్చిన ధ్వనిలో ఆ పాలు ఎక్కువగా ఉంటే అనునాదంతో ఊగిపోయి చెడిపోవచ్చును. అందుచేత ఉపగ్రహాన్ని ముందుగా ధ్వని పరీక్షకు గురిచేస్తారు. బెంగళూరులోని జాతీయ వాయుయాన పరిశోధనశాలలో ఇందుకు ఒక పెద్ద ప్రతినాద మందిరం ఉన్నది. వాయుప్రవాహంతో మ్రోగే పెద్ద బాకాలు అందులో రాకెట్టు చప్పుడును సృష్టిస్తవి.

చప్పుడు బిగ్గరగా ఉంటే చాలదు. పట్టీ పట్టీలోనూ రాకెట్టు ధ్వనిలో ఎంత పాలు ఉంటుందో అంతే ఉండాలి. ఒక పట్టీలో తక్కువైతే లోపం బయటపడకుండా ఆకాశానికి పోతుంది. ఎక్కువైతే మంచి ఉపగ్రహం పరీక్షలోనే చెడుతుంది. కనుక మందిరంలో అక్కడక్కడ మైకులు పెట్టి కొలుస్తూ, పట్టీలను పెంచుతూ తగ్గిస్తూ కోరిన రేఖకు తెస్తారు. పాటను వినసొంపు చేసే మీటల సూత్రమే ఇక్కడ కఠోరమైన చప్పుడును యథాతథంగా చేయడానికి వినియోగపడుతున్నది.

ప్రారంభించేవారికి

పాఠశాలలోని మైకుకో, ఊరి ప్రకటనకో పది మీటల సాధనం దొరికినప్పుడు దానిని ఏ విధంగా వాడాలి? ముందుగా మీటలన్నిటినీ నడుమనున్న సున్న దగ్గర ఉంచాలి. ఆ స్థితిలో సాధనం ఏ మార్పూ చేయదు. ఒకరిని మైకు దగ్గర మాట్లాడమని, శ్రోతలలో వెనుకవరుసకు పోయి వినాలి. మైకు పక్కన నిలబడి దిద్దినది వెనుకవరుసకు పనికిరాదు.

మాట గుమ్మటంలోనుంచి వచ్చినట్లు ఉంటే 63, 125 మీటలను బాగా దించాలి. బండిమీది బాకా సుమారు 300 హెర్ట్జ్‌లకు లోపలి ధ్వనిని సరిగా పలకనే లేదు. అక్కడ పంపిన శక్తి దండుగ; పైగా బాకా లోపలి పలుచని పొరకు ప్రమాదం. గాలి మైకుకు తగిలి చేసే దబదబ చప్పుడు కూడా ఈ పట్టీలలోనిదే. మాట ముక్కుతో మాట్లాడినట్లు లేదా డబ్బాలోనుంచి వచ్చినట్లు ఉంటే 500, 1000 మీటలను కొద్దిగా దించి చూడాలి. హల్లులు తెలియకపోతే 2000, 4000 మీటలను 3 డెసిబెల్‌ల మేరకు ఎత్తవచ్చును. 'స' కారాలు చెవిలో గుచ్చుకుంటే 8000 మీటను దించాలి.

దించడం మేలు, ఎత్తడం ఖర్చు అనేది ఇక్కడి సూత్రం. ఒక మీటను 3 డెసిబెల్‌లు ఎత్తితే ఆ పట్టీకి వర్ధకం రెట్టింపు శక్తి ఇవ్వాలి. 12 ఎత్తితే పదహారు రెట్లు. అంత శక్తి వర్ధకం వద్ద లేకపోతే ధ్వని చిట్లిపోయి, బాగు చేయబోయినది మరింత చెడుతుంది. జోబెల్ వలయాలు చేసినట్లే ఎక్కువైనదానిని తగ్గించి, తరువాత మొత్తాన్ని పెంచుకోవడం ఉత్తమం. మైకు కూత పెడితే మొత్తం ధ్వనిని తగ్గించకుండా ఒక్కొక్క మీటనే దించి చూస్తే, ఒకచోట కూత ఆగుతుంది. ఆ మీటను మాత్రం కొంచెం క్రిందనే ఉంచాలి.

సమీకరణి చేయలేని పనులు కూడా ఉన్నవి. గోడలనుంచి వచ్చే ప్రతిధ్వనిని అది పోగొట్టలేదు. ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. 100 మీటర్ల ఎడంగా రెండు బాకాలు పెడితే, ఒకదాని దగ్గర నిలబడినవానికి రెండవదాని మాట మూడవ వంతు సెకనుకు కొంచెం తక్కువ ఆలస్యంగా వచ్చి మొదటి మాటమీద పడుతుంది. దీనికి మందు బాకాలను సరియైన చోట, సరియైన దిక్కుకు పెట్టడమే గాని మీటలు కావు. విద్యార్థులు సైన్సు క్లబ్బులో ఈ పరీక్ష చేయవచ్చును. అర్థంలేని అక్షరాలు యాభై ఒకరు చదవగా, వెనుకవరుసవారు విని వ్రాయాలి. మీటలు సున్న దగ్గర ఉన్నప్పుడు ఎన్ని సరిపోయినవో, దిద్దిన తరువాత ఎన్ని సరిపోయినవో లెక్క వేస్తే ఫ్లెచర్ ప్రయోగం పాఠశాలలోనే జరిగినట్లు అవుతుంది. చెవికి ఇంపుగా ఉన్న దిద్దుబాటుకూ, ఎక్కువ అక్షరాలు అందిన దిద్దుబాటుకూ గల తేడా కూడా అప్పుడే తెలుస్తుంది.

చివరకు మాటను పంపేవానికి కూడా ఒక బాధ్యత ఉన్నది. ప్రాణాపాయం ఉన్న ప్రకటనలో అర్థమంతా ఒక్క 'క' మీద వ్రేలాడదీయడం వివేకం కాదు. "వేటకు పోవద్దు, పడవలు ఒడ్డుకు లాగుకోండి" అని రెండు విధాల చెబితే, ఒక అక్షరం గాలిలో కలిసిపోయినా అర్థం చెడదు. తప్పెట కొట్టి, మాట సాగదీసి, విడదీసి, ప్రతి వీధి మలుపులోనూ తిరిగి చెప్పిన ఆనాటి దండోరావాడు ఈ రహస్యాన్ని అనుభవంవల్ల గ్రహించినవాడే. అతడు గొంతుతో చేసిన పనినే హెవిసైడ్, కాంప్‌బెల్, ఫ్లెచర్ ప్రభృతులు గణితంతో, తీగచుట్టలతో సాధించారు. ఎవరి సాధనం ఏదైనా గమ్యం ఒకటే: చెప్పినది చెప్పినట్లు అవతలివానికి అందాలి.